నల్లరాతి ఎముక

"ఆడ పెట్టెయ్ పెద్దాయనా. పడితే పగుల్తాది."

డాక్టర్ ఫెబా కసిరింది. చేతిపని మీద ఆమెకు నమ్మకం ఎక్కువ, నోటి మీద అదుపు తక్కువ.

ముసలాయన ఉలిక్కిపడలేదు. బల్ల మీదున్న నల్లరాతి ఎముకను రెండు చేతుల్లోకి తీసుకుని, దాని అంచు మీద బొటనవేలు తిప్పుతున్నాడు.

"అంచు రవ్వంత మందమైందమ్మా" అన్నాడు.

ఫెబాకు ఒళ్లు మండింది. అది అచ్చం మనిషి భుజం వెనకుండే రెక్క ఎముకే. కాలేజీలో భుజం గురించి ఆమె నేర్చుకున్నదంతా దాని మీదే. చదువు ముగిసిన రోజు ప్రొఫెసరు తన బల్ల మీంచి తీసి ఆమె చేతికిచ్చారు.

"మా సారు ఇచ్చింది అది. దానికే వంక పెడ్తాండావా?"

ముసలాయన ఎముకను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. పక్కనున్న ఎలీషా ఏదో చెప్పబోతే వద్దన్నట్టు అతని మోకాలు తట్టాడు.

ఎలీషాది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కుతాడు. కుడి భుజం అరిగిపోయి ఆరు నెలలుగా ఉలి ముట్టలేదు. రేపు ఈ నంద్యాల ఆసుపత్రిలోనే ఆ భుజం కీలు మార్చేది ఫెబానే. ముసలాయన తన మేస్త్రి అని చెప్పి తోడు తెచ్చుకున్నాడు.

"మళ్లీ పని చేస్తానా అమ్మా?"

"పెద్ద సుత్తి జోలికి పోవద్దు. సన్న పని చేసుకోవచ్చు."

"నాకు అదే చాలమ్మా."

ఫెబా పెట్టెలోంచి తెల్లటి ప్లాస్టిక్ ముక్క తీసింది.

"నీ స్కాన్ చూసి నీ ఎముక కొలతకే చేయించినా. ఇంకెవరికీ సరిపోదు. ఇది ఎముకను కరుచుకుని కూచుంటాది. ఈ బెజ్జంలోంచి డ్రిల్ పోనిస్తే వెంట్రుకవాసి పక్కకు పోదు."

ముక్క చేసినవాళ్లు దాంతో పాటు ఎలీషా ఎముకకు ప్లాస్టిక్ నమూనా కూడా పంపారు. ముక్కను దాని మీద పెట్టి చూపించింది. టక్కున కూర్చుంది.

"దీని మీద బాగనే కూచుంది" అన్నాడు ముసలాయన. "మనిషి లోపల ఇంత శుభ్రంగా ఉంటాదామ్మా?"

"కంప్యూటర్ చేసిన కొలత. తప్పు పోదు."

"పోదులేమ్మా. కానీ ఊగితే మాత్రం నొక్కొద్దు. కింద నలుసుంటాది. మేము విగ్రహాన్ని పీఠం మీద కూచోబెట్టేటప్పుడూ అంతే."

"ఇది రాతి పని కాదు పెద్దాయనా" అని నవ్వేసింది ఫెబా.

మర్నాడు ఆపరేషన్ థియేటర్‌లో ముక్కను ఎలీషా ఎముక మీద పెట్టింది.

ఊగింది. కంటికి ఆనలేదు గానీ వేలికి తెలిసింది.

"కొంచెం నొక్కితే కూచుంటుంది మేడమ్" అన్నాడు అసిస్టెంట్ తిమోతి, డ్రిల్ అందిస్తూ.

ఫెబా చెయ్యి ఆగిపోయింది. ముక్కను తీసేసి, ఎముక అంచు వెంట అంగుళం అంగుళం వెతికింది. స్కాన్‌కు అందని పల్చటి మెత్తని పొర ఒకటి అంచుకు అంటుకుని ఉంది. దాన్ని గీకేసి మళ్లీ పెట్టింది.

ఈసారి కదల్లేదు. డ్రిల్ గీత గీసినట్టు దిగింది.

నొక్కేసి ఉంటే ఎలీషా చెయ్యి ఏమయ్యేదో ఆమెకు బాగా తెలుసు. సిగ్గేసింది.

మరుసటి రోజు వార్డులో ఎలీషా వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరిచి చూపించాడు. అన్నీ మాట విన్నాయి.

"మీ మేస్త్రి యాడ?" అడిగింది.

"పొద్దున బస్సుకే ఆళ్లగడ్డకు పోయినాడమ్మా. నా చెయ్యి ఆడేది చూసుకుని పోయినాడు."

"నా రాతి ఎముకకు వంక పెట్టినాడని కసిరినా. తప్పైందని చెప్పాల."

ఎలీషా నవ్వాడు.

"ఆయప్ప వంక పెట్టింది తన చేతిపనికేనమ్మా, ముప్పై ఏండ్ల కింద మీ సారు ఆళ్లగడ్డకు అసలు ఎముక తెచ్చి చూపిస్తే, ఆ రాయి చెక్కి ఇచ్చింది మా గఫార్ మేస్త్రే."