మూడు మడతల పొట్లం

"చల్లారకముందే తినండి మేడమ్," అంటూ మీసాల సర్వర్ కాల్చిన చేప ఫాయిల్ పొట్లం ఉన్న ప్లేటు బల్ల మీద పెట్టాడు.

ఆమె ఉలిక్కిపడింది. పొట్లం విప్పకుండా దాని మూతిని వేలితో తడిమింది. అంచు మూడుసార్లు మడిచి ఉంది. ఒక మూలని చెవిలా వెనక్కి తిప్పి, మడతలోకి దోపి ఉంది.

"ఇది ఎవరు కట్టారు?"

"లోపల గ్రిల్ మాస్టర్ మేడమ్. ఏం, కారిందా?"

"కారలేదు. అందుకే అడుగుతున్నా. నేను రావడం మొదలుపెట్టినప్పుడు ఊరికే నలిపి ఇచ్చేవాళ్ళు. నెల్లాళ్ళుగా ఇలా వస్తోంది. కొత్త మాస్టరా?"

"నేనే కొత్త మేడమ్. వచ్చి మూడు వారాలైంది. నేను వచ్చేసరికే ఆయన ఉన్నాడు, అంతవరకే తెలుసు."

"వయసెంత ఉంటుంది?"

"నలభై ఉంటాయి. ఏం, సంబంధం చూస్తున్నారా?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె నవ్వలేదు. "చేతుల మీద కాలిన మచ్చలున్నాయా?"

"భలేవారే! నిప్పుల దగ్గర బతికేవాడికి మచ్చలు లేకుండా ఎలా?"

అతను వెళ్ళాక ఆమె మెల్లగా పొట్లం విప్పింది. నిమ్మ వాసనతో ఆవిరి మొహానికి తగిలింది. కళ్ళు చెమర్చింది ఆవిరికి కాదు.

నాన్న పోయాక రోడ్డు పక్కన బొగ్గుల పొయ్యి పెట్టింది అన్నయ్య. ఆమె చదువంతా ఆ పొయ్యి మీదే నడిచింది. స్కూలు నుంచి రాగానే పక్కన కూర్చుని చేపలు ఫాయిల్‌లో చుట్టేది. "లోపల ఆవిరికి కాస్త చోటు వదులు చెల్లాయ్. మూతి మాత్రం గట్టిగా ఉండాలి. రసం బొగ్గుల మీద పడిందా, రుచీ పోయింది, పొగా వచ్చింది," అనేవాడు. మూడు మడతలు, ఒక చెవి. ఆ మడత ఆయన సొంతం. ఇంకెక్కడా ఆమె చూడలేదు.

డిగ్రీ పట్టా తీసుకున్న రోజు, వాళ్ళ వంశంలోనే మొదటి పట్టా అది, అన్నయ్య పొయ్యి దగ్గర నుంచి అలాగే వచ్చేశాడు. పొగ చూరిన చొక్కా, చేతిలో వేడి పొట్లం. స్నేహితురాళ్ళు "ఎవరే?" అన్నారు. ఆమె నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది.

"మా వంటమనిషి."

అన్నయ్య విన్నాడు. పొట్లం అందించి, "చల్లారకముందే తినండి మేడమ్," అని వెళ్ళిపోయాడు. మర్నాడు పొయ్యి ఉంది, అన్నయ్య లేడు.

తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఆమె ఈ హోటలుకి ఎదురుగా ఉన్న రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. ప్రతి గురువారం ఇక్కడే భోజనం. అన్నయ్య కనబడితే చెప్పాల్సిన మాట మనసులో ఎన్నిసార్లు వల్లె వేసుకుందో లెక్కలేదు.

తినడం అయింది. ఆలోచన ఎక్కడో ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ముళ్ళూ నిమ్మచెక్కలూ ఫాయిల్‌లోనే పెట్టి మూసేశాయి. బల్ల తుడిచేవాళ్ళ చేతికి మన ఎంగిలి అంటకూడదని అమ్మ పెట్టిన అలవాటది.

మీసాల సర్వర్ ప్లేటు తీస్తూ నవ్వాడు. "మీ బల్ల తుడవడానికి గుడ్డ కూడా దండగ మేడమ్. ముళ్ళని కూడా పార్సిల్ కట్టేస్తారు!" ఆ ప్లేటు లోపల ఇచ్చి తిరిగొచ్చి, గొంతు తగ్గించాడు. "ఒక మాట. మా మాస్టర్ కూడా మీ గురించి అడుగుతుంటాడు. గురువారం వస్తే చాలు, ఆరో నంబర్ బల్ల ప్లేటు నాకే ఇవ్వు అంటాడు. ఆవిడ ఎలా ఉంటారు, ఏం చేస్తారు అని ఆరా."

ఆమె కుర్చీ అంచుకి జరిగింది. "మరి బయటికి రాడేం?"

"మొహమాటం మేడమ్. ఆయన నోటి నుంచి రోజుకి పది మాటలొస్తే గొప్ప."

అన్నయ్య కూడా అంతే. ఇక కూర్చోలేకపోయింది. "అటు స్టాఫ్ మాత్రమే మేడమ్!" అన్న కేక వినిపించుకోకుండా వంటగది తలుపు తోసింది.

పొగలో వెనుదిరిగి నిలబడ్డ మనిషి. వెడల్పు వీపు. పొడుగాటి పటకారుతో పొట్లాలు తిరగేస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా వల్లె వేసిన మాటలన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగిలింది.

"అన్నయ్యా!"

ఆయన తిరిగాడు. ఎవరో. ఎప్పుడూ చూడని మొహం.

అయినా ఆమెకి ఆశ చావలేదు. మనిషి కాకపోతేనేం, మడత అదేగా!

"క్షమించండి. ఆరో నంబర్ బల్ల నాది," అంది తడబడుతూ. "పొట్లానికి ఆ మడత... అది మీకు ఎవరు నేర్పారు?"

మాస్టర్ మొహం వెలిగింది. "మీరేనా అమ్మా! పోయిన నెల దాకా నా పొట్లాలన్నీ కారేవి. కిందంతా పొగ. ఓనర్ రోజూ దులిపేసేవాడు. ఈ మడత పట్టుబడ్డాక ఒక్కటి కారితే ఒట్టు!"

"నేర్పినాయన ఎక్కడున్నారో చెప్పండి. దండం పెడతాను. నేను ఆయన్ని కలవాలి."

ఆయన తికమకగా చూశాడు. పటకారు పక్కన పెట్టి, ఎంగిలి ప్లేట్ల దొంతర దగ్గరికి వెళ్ళి, పైనున్న మూడు మడతల ముళ్ళ పొట్లాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ ప్లేటులో వచ్చిన ఇలాంటిదాన్నే విప్పి చూసి నేర్చుకున్నానమ్మా."