దీపం గుర్తు పెట్టె

గంట మోగింది.

రంగూన్ బోటాటౌంగ్ పేటలో మూడో అంతస్తు ఇంటికి గంట అంటే బాల్కనీ నుంచి వీధిలోకి వేలాడే తాడే. కింద లాగితే పైన మోగుతుంది. పేపరైనా కూరలైనా ఆ తాడు చివరి క్లిప్పుకే తగిలిస్తారు. పైవాళ్లు లాక్కుంటారు.

హైమ తొంగిచూసింది. ఎవరో ముసలమ్మ, తాడు పట్టుకుని నిలబడింది.

"ఏటి కావాల?"

"మీ నాన్నగారిని ఓపాలి సూడాల తల్లీ. నా పేరు నరసమ్మ. ఇక్కడే సేక్కాన్ పేటలో ఉంతన్నాను. మా సొంతూరు గంజాం వైపు."

గంజాం అనగానే హైమ చప్పున ఇంట్లోకి తిరిగి చూసింది.

లోపల మంచం మీద అప్పలస్వామి అప్పుడే అటూ ఇటూ దొర్లుతున్నాడు. "ఎవరే? మనూరోళ్లా?"

"ఎవరూ కాదు. పడుకో నాన్నా."

తొంభై దాటిన ఆ మనిషికి ఒకటే రంధి. గంజాం మనిషి కనబడితే చాలు, చెయ్యి పట్టుకుని అడుగుతాడు. "మా ఊరోళ్లు నాకెందుకు ఓటెయ్యలేదు?"

యాభై ఏడులో ఆయన గంజాం నుంచి ఒరిస్సా అసెంబ్లీకి పోటీ చేశాడు. ఊరివాళ్ల భూముల కోసం జైలుకు కూడా పోయివచ్చిన మనిషి. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, దానిమీద అతని గుర్తు. ఈయన గుర్తు దీపం. సొంత ఊళ్లో ఆ పెట్టె తెరిస్తే రెండే కాయితాలు. ఒకటి ఆయనది, ఇంకొకటి భార్యది.

మర్నాడే ఎవరి ముఖమూ చూడకుండా భార్యను తీసుకుని రంగూన్ ఓడెక్కేశాడు.

మొన్నామధ్య వచ్చిన చుట్టం ఒకడు ఆ ప్రశ్న విని నవ్వాడు పాపం, ఊరికే. అంతే, ఈయన ఆస్పత్రి పాలయ్యాడు. ఇక గంజాం మనిషిని గడప తొక్కనివ్వనని హైమ ఒట్టు పెట్టుకుంది.

"నాన్నకి ఒంట్లో బాగోలేదు. ఎల్లిపో అమ్మా!"

"ఒక్క మాట సెప్పి పోతాను."

"అక్కణ్నించే సెప్పు."

"ఈదిలో అరిసి సెప్పీ మాట కాదు తల్లీ. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. నువ్వే ఓపాలి దిగి రా."

"మా నాన్నని ఒదిలి రాలేను!"

మర్నాడు మళ్లీ గంట. కరెంటు లేదు, వీధి నిండా జనరేటర్ల రొద. ఆ రొదలోనూ ఆ గంట ఆగలేదు. హైమ చెవులు మూసుకుంది. మంచం మీద తండ్రి లేవబోయి రెండుసార్లు కూలబడ్డాడు.

"ఎవరో పిలస్తన్నారే!"

హైమ బాల్కనీలోకి ఉరికింది. తిట్టడానికి నోరు తెరిచేలోపే ముసలమ్మ ఏదో క్లిప్పుకు తగిలించి చెయ్యి ఊపింది.

"నన్ను రానివ్వకపోతే మాన్లే తల్లీ. ఇది ఆయన ముందర పెట్టు!"

లాగి చూస్తే ఒక మడత కాయితం. దాని నిండా పసుపు, మీద కుంకుమ బొట్టు, ఒక బంతిపువ్వు.

హైమకు ఒళ్లు జలదరించింది. చిల్లంగి! ఆ చేతబడి కాయితాన్ని తీసుకెళ్లి చెత్తడబ్బాలో పారేసింది. తాడు మొత్తం పైకి లాగి, చుట్టబెట్టి మూల పడేసింది.

సాయంత్రం తండ్రి అడిగాడు. "గంట మళ్లీ మోగదేటే?"

తెల్లారేసరికి పోయాడు. పోయే ముందు కూడా అదే మాట. "ఒక్కడంటే ఒక్కడూ ఎయ్యలేదే!"

శవాన్ని కిందకు దించి మెట్ల ముందు పెట్టారు. అక్కడే కూర్చుని ఉంది నరసమ్మ. చేతిలో అలాంటిదే ఇంకో పసుపు కాయితం.

హైమకు ఒళ్లు మండిపోయింది. "మా నాన్నకి చిల్లంగి పెట్టి సంపీసి, మళ్లీ ఏటికొచ్చావు?"

"చిల్లంగా!" ముసలమ్మ బిత్తరపోయింది. "ఓటు తల్లీ. ఆ దినం ఊరంతా ఇలాగే ఏసాం."

"ఏటి?"

"దీపం బొమ్మ మా ఊరోళ్లకి దేవుడు గదా. దేవుడి పెట్టిలోకి కాయితం తోస్తే పాపం కాదా? పసుపూ కుంకుమా జల్లి, పెట్టి మీదే కాయితం ఉంచి, దండమెట్టి వచ్చీసాం. లోపల పడితేనే లెక్కని మాకేటి తెల్సు? సాయంత్రానికి అవన్నీ ఎవరో ఊడ్సీసినారు. సంగతి తెలిసి ఊరంతా ఈ బాబింటికి పరిగెడితే, ఇంటికి తాళం. ఈ ఊళ్లోనే ఉన్నారని నాకు మొన్న గుళ్లో తెలిసింది."

హైమ పక్కనున్న గోడ పట్టుకుంది.

ఆ తర్వాత తనే ముసలమ్మను రెక్క పట్టుకుని లేపింది. నడిపించుకు వెళ్లి తండ్రి తల దగ్గర కూర్చోబెట్టింది.

"నాకు కాదమ్మా. ఆయనకి సెప్పు." ఆ పైన హైమకు ఏడుపు ఆగలేదు.

నరసమ్మ ఆ కాయితాన్ని ఆయన గుండెల మీద పెట్టి, దండం పెట్టి, చెవి దగ్గరకు వంగింది.

"బాబూ, కొత్త కోడలు ముందేస్తే మంచిదని నన్నే తోలినారు... ఆ పెట్టి మీద మొదటి కాయితం ఉంచింది నాను, నన్ను సూసే ఊరంతా నీకే ఏసింది."