గురువారం బోల్టు

పది గంటలకు పెద్ద ఇంజనీరు వచ్చేలోపు రైల్వే ఆఫీసులో ఓ కుర్ర ఇంజనీరు అమ్మాయి మూడు పనులు చేయాలి. పట్టాల లోపాలను ముందే చెప్పే తన కంప్యూటరును సిద్ధం చేయాలి. ఊగే కుర్చీ కాలి కింద అట్టముక్క పెట్టాలి. నూట పన్నెండో కిలోమీటరు దగ్గర బోల్టు ప్రతి గురువారమే ఎందుకు వదులవుతుందో తెలుసుకోవాలి.

మొదటి రెండూ అయ్యాయి. మూడోదాని కోసం, ముప్పై ఏళ్లుగా ఆ పట్టాల వెంట నడిచి బోల్టులు బిగిస్తున్న కీమ్యాన్‌ను పిలిచింది.

“బాబాయ్, మీ రిజిస్టర్లు చదివే ఈ కంప్యూటరు నేర్చుకుంది. ఇవాళ పన్నెండు చోట్ల ఎర్ర చుక్క పెట్టింది. గురువారం కదా, మళ్లీ అక్కడా పెట్టింది. అక్కడ ఏ లోపమూ లేకపోతే సార్ నా ప్రాజెక్టును మూట కట్టించేస్తారు.”

కీమ్యాన్ తల గోక్కున్నాడు. “అక్కడ మా అక్క ఇల్లుందమ్మా. గురువారం తనకి సెలవు. టీ తాగి వస్తాను.”

“మరి బోల్టు?”

“టీకి ఆగానని రాయలేను కదా! బోల్టు బిగించానని రాస్తాను.”

“అబద్ధం రాశారా?”

“ఛ, అదేం మాట తల్లీ! నేనే వదులు చేసి, నేనే బిగిస్తాను.”

అమ్మాయి నెత్తిన చేయి పెట్టుకుంది. గుమ్మంలో నిలబడి అంతా విన్న పెద్ద ఇంజనీరు పకపకా నవ్వాడు.

“మిగతా పదకొండు చుక్కల దగ్గరా అక్కలున్నారా?”

“లేరు సార్. అవి నిజంగానే వదులవుతాయి.” తెర వైపు చూడకుండానే ఆ పదకొండు చోట్ల కిలోమీటరు నంబర్లనూ వరసగా అప్పజెప్పాడు.

అమ్మాయి తెరతో సరిచూసుకుంది. ఒక్కటీ తప్పలేదు. యంత్రానికి పాఠం చెప్పింది తానేననుకుంది ఇన్నాళ్లూ.

“ఆ ఒక్క చుక్కా తీసేసి పని కానివ్వమ్మా,” అన్నాడు ఇంజనీరు.

“మరి నా టీ, సార్?”

“తాగు. బోల్టు జోలికి మాత్రం పోకు!”

మీ రైలు కుదుపు లేకుండా సాగినప్పుడు కంప్యూటరును మెచ్చుకోండి, కాదనం. ఆ కీమ్యాన్‌ను కూడా కాస్త తలుచుకోండి.