ప్రాణం పోయని సెల్

బ్యాటరీ ల్యాబు వాళ్లకో మాట ఉంది. ప్లాస్టిక్ పొరల మధ్య ద్రవం పోసి మూత బిగించడాన్ని వాళ్లు "ప్రాణం పోయడం" అంటారు. ఆ ద్రవం లేనిదే సెల్‌కి ఛార్జింగ్ రవ్వంత కూడా ఎక్కదు.

సాయంత్రం చలాకీగానే డ్యూటీకి వచ్చింది ఆ ల్యాబులో పనిచేసే అమ్మాయి. రాత్రికల్లా ఒళ్లు హూనమై, బల్ల ముందు కుర్చీలో కూలబడ్డాక చూసుకుంది. చివరి సెల్‌కి ప్రాణం పోయడం మరిచిపోయింది. దాని వంతు ద్రవం సీసాలో అలాగే ఉంది.

అయినా ఆ సెల్‌కి తగిలించిన మీటరులో ఛార్జింగ్ అంకె పెరుగుతోంది. పెరిగినప్పుడల్లా టిక్కుమంటోంది.

తన పై ఉద్యోగి అయిన అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, ప్రాణం పోయని సెల్ ఛార్జవుతోంది."

"నీ మొహం! ఛార్జర్ వైరు పీకెయ్."

"పీకేశానక్కా."

"ఒకసారి గుమ్మం దాకా వెళ్లు."

కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. టిక్కుటిక్కు ఆగిపోయింది.

"హమ్మయ్య, ఆగిందక్కా" అంటూ తిరిగొచ్చి కుర్చీలో వాలింది.

టిక్.

ఆ చప్పుడు ఫోన్లో అక్కకీ వినిపించింది. "మళ్లీ దాని ముందు కూర్చున్నావా? లే! బయటికి పరిగెత్తు!"

"వెళ్తానక్కా..." కళ్లు మూతలు పడుతున్నాయి. టిక్కుటిక్కు జోరందుకుంది. "ఒక్క నిమిషం. ఎవరో ప్రాణం తోడేస్తున్నట్టుంది."