సాగనంపు పాటలో పేరు

వరహా నది పొంగి చెరకు తోటలన్నీ నేలకి పడుకుండిపోయిన ఏడాది అది.

నర్సీపట్నం బస్టాండు ఎదురుగా, ఎరువుల కొట్టు మేడమీద, గోడలకి స్పాంజి అంటించిన గదిలో నూకరత్నం నిలబడి ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు. ఎదురుగా మైకు. అద్దం అవతల రికార్డింగు చేసే గోపీకృష్ణ.

ఏడు పాటలు అయిపోయాయి. ఇంకొక్కటి పాడితే ఆల్బం పూర్తవుతుంది.

ఆ ఒక్కటీ పాడనంటోంది.

ఆవిడ శవాల దగ్గర తత్వాలు పాడుతుంది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు పోయినా కబురొస్తుంది. వెళ్ళి, పోయిన ప్రాణికి దారి చెబుతూ పాడాలి. శవాన్ని లేవదీసే ముందు ఆఖర్ని సాగనంపు పాట. అందులో పోయిన మనిషిని పేరు పెట్టి పిలవాలి. పేరు లేకపోతే ఆ పాటే లేదు.

ఇక్కడ శవం లేదు.

"ఏదో ఒక పేరు పెట్టేయండి పిన్నీ," అన్నాడు గోపీకృష్ణ.

"బతికున్నోళ్ళ పేరు పెట్టకూడదు బాబూ. పెడితే ఆళ్ళు నిలవరు."

"పోయినవాళ్ళదే పెట్టండి."

"ఓపాలి సాగనంపినోళ్ళని మళ్ళీ పిలిస్తే ఎనక్కొత్తారు."

"ఎవరు చెప్పారివన్నీ?"

"మా తలుపులమ్మత్త. నాకీ పాట నేర్పింది ఆవిడే. కొత్తకోడలప్పుడు ఆటకి తోటికోడలి పేరెట్టి పాడిందట. పంట ఇంటికి రాకుండానే ఆ మనిషి ఎల్లిపోయింది. అత్త మరి సచ్చేదాకా నవ్వలేదు."

గోపీకృష్ణ మాత్రం నవ్వాడు. "నేను సైన్సు చదివాను పిన్నీ. ఇలాంటివి నమ్మను."

"అయితే నీ పేరే ఎడతాను."

నవ్వు ఆగిపోయింది. "నాకు... చిన్నపిల్లలున్నారు."

మూల కూర్చున్న తాతబ్బాయి డోలక్ మీదికి వంగి కిసుక్కుమన్నాడు. కోటవురట్ల మనిషి. ఆవిడతో చావు జరిగిన ఇళ్ళన్నీ తిరుగుతుంటాడు.

"సైన్సు బేగి దిగిపోనాది," అన్నాడు.

"అయితే తాతా, నీ పేరు పెట్టించు."

"నేను సత్తే డోలక్కు నీ సైన్సు వాయిత్తాదేటి?"

గోపీకృష్ణ లోపలికి వచ్చి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు. ఆవిడ తలెత్తి గటగటా తాగింది. తలమీది కొంగు జారింది. కణత దగ్గర కమిలి ఉంది.

"దెబ్బేంటి పిన్నీ?"

"మెట్టు మీంచి పడ్డాను."

"డ్రైవరు ఇంటికొచ్చినప్పుడల్లా ఆ మెట్టు పడేత్తాది," అన్నాడు తాతబ్బాయి. ఆవిడ మొగుణ్ణి అందరూ డ్రైవరనే పిలుస్తారు. "ఇప్పుడు లారీ లోడుకెల్లాడు. ఆడొచ్చేలోగా ఈ రికార్డింగు కానియ్యాలి బాబూ. తెలిస్తే సంపేత్తాడు."

ఆవిడ గుమ్మం వైపు చూసింది. మూసే ఉంది. అయినా చూసింది.

"పోనీ ఎవరికీ లేని పేరు కల్పించండి," అన్నాడు గోపీకృష్ణ.

నూకరత్నం మైకు వైపు చూసింది. తరవాత మెల్లిగా అడిగింది.

"ఈ పాట ఎవరెవరు ఇంటారు బాబూ?"

"ఫోనున్న వాళ్ళందరూ."

"ఇన్నప్పుడల్లా ఆ పేరు మళ్ళీ పిలిసినట్టేనా?"

"మళ్ళీ మళ్ళీ పిలిచినట్టే."

"తరవాత తుడిపెయ్యడానికి ఉండదా?"

"ఒకసారి యూట్యూబులోకి వెళ్ళిందంటే ఎవరి తరమూ కాదు."

ఆవిడ మళ్ళీ గుమ్మం వైపు చూసింది.

తాతబ్బాయికి జాలేసింది. "పోదాం లేయే అమ్మీ. ఏడు పాటలతోనే కానిత్తారు. ఇంత భయంలో పాడకు."

ఆవిడ కదల్లేదు.

"రికార్డింగు పెట్టు బాబూ," అంది.

గోపీకృష్ణ అద్దం అవతలికి పరిగెత్తాడు. డోలక్ మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఇల్లు నీది గాదు, ఒళ్ళు నీది గాదు,
లెగిసి నడువయ్యా రాజాబాబూ..."

పేరు దగ్గర గొంతు ఒణికింది. ఆ ఒణుకుకి తాతబ్బాయి తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్ని శవాల ముందు కూర్చున్నాడో. ఎప్పుడూ ఇలా లేదు. గదిలో శవం ఉన్నట్టే ఉంది.

పాట అయిపోయింది.

"అదిరిపోయింది పిన్నీ! ఓకే!"

"కాదు. పేరు సరిగ్గా పలకలేదు. మళ్ళీ పాడతాను."

"ఆ ఒణుకే బాగుంది పిన్నీ, ఉండనీ."

"మళ్ళీ పాడతాను బాబూ."

పాడింది. ఈసారి గొంతు ఒణకలేదు. పేరు గంట కొట్టినట్టు వచ్చింది.

మెట్లు దిగుతూ తాతబ్బాయి అడిగాడు. "ఎవడే ఆ రాజాబాబు?"

"ఎవరూ లేరు మావా. నోటికొచ్చింది."

"లోకంలో ఎక్కడో ఒకడుంటాడే."

"ఉంటే?"

"ఉంటే ఆ పాపం మనదే."

ఆవిడ గబగబా మెట్లు దిగింది. కృష్ణదేవిపేట షేర్ ఆటోలో ఓ మూలకి ఒదిగి కూర్చుంది.

ఇంటికొచ్చి అన్నం వండి, తినకుండానే మూత పెట్టేసింది. ఫోను గుప్పిట్లో పెట్టుకుని పడుకుంది. రోడ్డు మీద బండి వెళ్ళినప్పుడల్లా లేచి కూర్చుంది.

ఫోను మోగలేదు.

మర్నాడు పొద్దున్నే లోడు దింపేసి వచ్చి, ఎప్పట్లాగే తలుపుని కాలితో తన్నాడు, ఆవిడ మొగుడు రాజాబాబు.