బదులు రక్తం

"షుగర్ మూడొందలు దాటింది బాబాయ్‌గారూ. ఇవాళే మందు మొదలుపెట్టాలి," అంది ఆరోగ్య పరిశోధన నర్సు, కొట్టు మెట్టెక్కుతూనే.

బట్టల వ్యాపారి కొలబద్ద కింద పెట్టలేదు. "అది నాది కాదమ్మా. మొన్న బేరాలు వదిలి రాలేక మా బామ్మర్దిని పంపాను."

"మీ పేరు మీద ఆయన రక్తమా?"

"మీరడిగింది సీసాడు రక్తం. వేళకి అందించాను. అంతకుముందు మూడుసార్లు నేనే ఇచ్చాను, ఎందుకో ఒక్కరైనా చెప్పారా?"

నర్సు చేతిలోని కాగితాలు మడిచింది.

"చెప్పలేదు. మాకు కావలసింది ఏడాది పొడుగునా ఒకే మనిషి. మీ ఒంట్లో ఏం మారుతోందో చూడాలి."

గుడ్డ తాను మారితే పాత కొలత చెల్లదని బట్టల వ్యాపారికి ఒకరు చెప్పాలా?

అటక మీద బామ్మర్ది ఈల వేస్తూ చీరలు సర్దుతున్నాడు.

"ఒరేయ్, దిగు. ఆసుపత్రికి పోదాం."

"మళ్లీ నీ పేరే చెప్పాలా బావా?"

"లేదురా. ఈసారి నీదే చెప్పు."