అమోయ్ రేవులో ఒక్క మాట

శుక్రవారం సాయంత్రంలోగా జానకిరామ్ కార్క్‌కి ఫోన్ చేసి, వస్తాననో రాననో చెప్పాలి.

ఐర్లండ్ దక్షిణ కొసనున్న కార్క్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఏడాది కాంట్రాక్టే. అయినా అది మాంద్యం కాలం. అతనుండే నేవన్ చుట్టుపక్కల ఇంజనీర్లు సూపర్‌మార్కెట్లో అరలు సర్దుతున్నారు. జానకిరామ్ పనిచేసే ప్లాంటు మూతపడ్డాక వచ్చిన మొదటి పిలుపు ఇదే. ఇది కాదంటే మరొకటి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ప్రస్తుతానికి భార్య పద్మిని రెండు షిఫ్టులు నర్సు పని చేసి ఇల్లు నెట్టుకొస్తోంది.

జానకిరామ్ మాత్రం ఖాళీగా కూర్చోలేదు. ఇంగ్లిషులో నవల రాశాడు. యుద్ధానికి ముందు చైనాలోని అమోయ్ రేవులో జరిగిన ఒక హత్య కథ.

"మీరు చైనా ఎప్పుడు వెళ్లారండీ?" అని అడిగింది పద్మిని, పెనం మీద చపాతీ తిప్పుతూ.

"కాకినాడలో పుట్టాను. రేవు ఎక్కడైనా రేవే."

నవలలో ఒక తేయాకు వర్తకుణ్ణి ఎవరో చంపేస్తారు. హంతకుడు తాను ఆ రేవులోనే పుట్టి పెరిగానని అందరినీ నమ్మిస్తాడు. డిటెక్టివ్ అతన్ని ఒక్క మాటతో పట్టేస్తాడు. అక్కడి పడవవాళ్లు 'అమ్మకి కోపమొచ్చింది' అన్నారంటే తుఫాను వస్తోందని అర్థం. ఆ మాట వినగానే హంతకుడు, "ఎవరి అమ్మకి?" అంటాడు. అంతే, చేతులకు బేడీలు.

ఈ మలుపు తట్టిన రోజు జానకిరామ్ తనే టీ పెట్టుకుని, అద్దంలో చూసుకుంటూ తాగాడు. ఊరివాళ్ల మాట తెలియనివాడు ఎన్నేళ్లున్నా ఏదో ఒకరోజు దొరికిపోతాడని డిటెక్టివ్ చేత ఒక పేజీ నిండా చెప్పించాడు కూడా.

ఎదురింటి మిసెస్ టైర్నీ డబ్లిన్‌లో ఒక ప్రచురణ సంస్థలో పనిచేసి రిటైరైంది. పెద్దావిడ. కళ్లద్దాలు సీసా అడుగంత మందం. అక్కడివాళ్లు ఇప్పటికీ ఆవిడ మాట కాదనరని అందరూ అంటారు. జానకిరామ్ నవల కాగితాల కట్టను పద్మిని పూజకు తెచ్చుకున్న ఎర్రదారంతో చుట్టి, గట్టి ముడి వేసి, కిందటి నెలే ఆవిడ చేతిలో పెట్టాడు.

గురువారం పొద్దున్న చెత్తడబ్బా బయటపెడుతుంటే ఆవిడ కనిపించింది. వాన గురించి మాట్లాడాడు. పిల్లి గురించి మాట్లాడాడు. చివరికి నవల సంగతి అడిగాడు.

"అది గ్రాండ్, జాన్. ప్రెస్‌లో ఉంది. నువ్వేం కంగారుపడకు," అంది ఆవిడ. జానకిరామ్ అన్న పేరు ఆవిడ నోట్లో ఎప్పుడూ మొదట్లోనే ఆగిపోతుంది.

అతను చెత్తడబ్బా రోడ్డు మధ్యలోనే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాడు.

"పద్మా, నా పుస్తకం అచ్చులో ఉందట. బ్రహ్మాండంగా ఉందంది."

స్కూలుకి తయారవుతున్న కూతురు హాసిని తలెత్తింది. "డెడ్లీ, నాన్నా."

"అదేం మాటే, శుభమా అని చెబుతుంటే?"

"డెడ్లీ అంటే సూపర్ అని. ఇక్కడ అంతే అంటారు."

పద్మిని మాత్రం, పుస్తకం దారి పుస్తకానిది, ముందు కార్క్‌కి సరేనని చెప్పమంది. ప్రూఫులు ఎవరు దిద్దుతారని జానకిరామ్ అడిగాడు. రచయితన్నవాడు పబ్లిషర్‌కి అందుబాటులో ఉండాలన్నాడు. మధ్యాహ్నానికల్లా పద్మినికి కూడా కొంచెం నమ్మకం కుదిరింది. ట్రాలీ ఊళ్లో ఉన్న గిరిజాకుమారి ఆంటీకి ఫోన్ చేసి, మావారు రచయిత అయ్యారండీ అని చెప్పేసింది. ఆ ఆంటీకి చెబితే ఐర్లండ్‌లోని తెలుగువాళ్లందరికీ చెప్పినట్టే.

శుక్రవారం సాయంత్రం జానకిరామ్ కార్క్‌కి ఫోన్ చేశాడు. సాహిత్య వ్యాపకాల కారణంగా రాలేకపోతున్నందుకు చింతిస్తున్నానన్నాడు. అవతలి మనిషి ఆ మాట మళ్లీ చెప్పమన్నాడు. ఇతను సంతోషంగా మళ్లీ చెప్పాడు.

ఆదివారం పద్మిని సున్నుండలు చుట్టి ఇచ్చింది. జానకిరామ్ చొక్కా ఇస్త్రీ చేసుకుని ఎదురింటి తలుపు కొట్టాడు.

మిసెస్ టైర్నీ వంటగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. సున్నుండ కొరికి, కళ్లు మూసుకుని, ఇంకొకటి తీసుకుంది. కళ్ల ఆపరేషన్‌కి హాస్పిటల్ నుంచి ఇంకా పిలుపు రాలేదనీ, టీవీ కూడా విని సరిపెట్టుకుంటున్నాననీ చెప్పింది. జానకిరామ్ పాపం అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, పుస్తకం అట్ట మీద ఏ బొమ్మ వేస్తున్నారని అడిగాడు.

"బొమ్మేంటి, జాన్? ప్రెస్‌లో ఉందని చెప్పానుగా, ఇదిగో ఈ ప్రెస్‌లోనే," అంటూ ఆవిడ లేచి, సింకు పైనున్న అల్మరా తలుపు తెరిచి, ఓట్స్ డబ్బాల వెనక నుంచి, ఎర్రదారం ముడి కూడా విప్పని కట్టను భద్రంగా తీసి చూపించింది.